జర్మనీలో చదువుకోబోయేవారికి: మొహమాటం పక్కన పెట్టాల్సిన చోట్లు

జర్మనీలో ఎవరింటికైనా వెళ్తే "కాఫీ తాగుతారా?" అని ఒక్కసారే అడుగుతారు. మన అలవాటు కొద్దీ "ఇప్పుడేం వద్దండీ" అన్నామా, ఆ మాట అక్కడితో అయిపోయినట్టే. మళ్ళీ అడగరు, ప్లేటు తెచ్చి ముందు పెట్టరు. మనింట్లో వద్దన్న చుట్టానికి ఇంకో గరిటె వడ్డించడం ఆప్యాయత. అక్కడ వద్దన్న మనిషిని బలవంతపెట్టడం అమర్యాద. ఆకలేస్తుంటే తింటానని మొదటిసారే చెప్పాలి. ఈ ఒక్క సంగతి ఒంటబడితే తక్కిన తేడాల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి. చెప్పిన మాటకి, రాసిన కాగితానికి, ఇచ్చిన టైముకి అక్కడ ఉన్నది ఉన్నట్టే విలువ. భాష రాకపోవడం కన్నా, అడగడానికి మొహమాటపడటం వల్లే మన పిల్లలు ఎక్కువ నష్టపోతారు.

"ఏడింటికి రండి" అంటే ఏడుకీ ఏడూ ఐదుకీ మధ్య. పది నిమిషాలు ఆలస్యమయ్యేలా ఉంటే మెసేజ్ పెట్టాలి. పావుగంట ముందే వెళ్ళి గంట కొట్టడం కూడా వాళ్ళకి ఇబ్బందే. చేతిలో చిన్న పూలగుత్తో చాక్లెట్ పెట్టెనో ఉంటే చాలు. చెప్పులు విప్పే ఇళ్ళు చాలానే ఉంటాయి, గుమ్మం దగ్గరే అడిగేయండి. పుట్టినరోజు శుభాకాంక్షలు ముందురోజు చెప్పకూడదు, అశుభమని నమ్ముతారు. కేకు తెచ్చే బాధ్యత పుట్టినరోజు మనిషిదే. ల్యాబులో మీ పుట్టినరోజు వస్తే మీరే కేకు చేసుకునో కొనుక్కునో వెళ్ళి అందరికీ పెట్టాలి. గ్లాసులు తాకించేటప్పుడు, లోపల ఉన్నది ఆపిల్ జ్యూసే అయినా, ఎదుటివారి కళ్ళలోకి చూడటం మర్యాద.

హోటల్లో బిల్లు కలిపి వేయాలా, విడివిడిగానా అని వెయిటరే అడుగుతారు. విద్యార్థుల్లో ఎవరిది వాళ్ళు కట్టుకోవడమే రివాజు. దాన్ని పిసినారితనంగా చూడకండి, రేపు మీరు ఎవరికీ బాకీ లేకుండా ఉండే వెసులుబాటు అది. టిప్పు 5 నుంచి 10 శాతం. 18.40 యూరోల బిల్లుకి నోటు ఇస్తూనే "ఇరవై" అని చెప్పాలి, మిగతాది వాళ్ళకి. తాగే నీళ్ళకీ బిల్లు వేస్తారు. బేకరీల్లోనూ చిన్న హోటళ్ళలోనూ కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి జేబులో ఒక 20 యూరోల నోటు ఉంచుకోండి. ఇంట్లో పంపునీళ్ళు కాచకుండానే తాగొచ్చు, బాటిళ్ళు మోసుకు రావక్కర్లేదు.

ఉత్తరాలు, పేరు, చిరునామా

ఫోన్లోనే బతికే మనకి అన్నిటికన్నా కొత్తగా అనిపించేది పోస్టు. బ్యాంకు కార్డు, దాని పిన్ నంబరు (వేరే కవర్లో), ఆరోగ్య బీమా కార్డు, పన్ను నంబరు అన్నీ ఉత్తరాలుగానే వస్తాయి. పోస్టుమ్యాన్ చూసేది పోస్టు డబ్బా మీది పేరునే. చాలా అపార్టుమెంట్లలో ఫ్లాట్ నంబర్లు ఉండవు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. మనకి ఇంకో చిక్కుంది. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో పడింది ఇంకొకటి. ఆఫీసులన్నీ ఆ ఇంటిపేరుతోనే రాస్తాయి. తాళాలు చేతికొచ్చిన రోజే పాస్‌పోర్టులోని ఇంటిపేరు, అసలు పేరు రెండూ రాసి డబ్బా మీదా, కాలింగ్ బెల్ మీదా అంటించండి. స్నేహితుల గదిలో సర్దుకుంటున్నవాళ్ళైతే వాళ్ళ పేరు కింద మీ పేరు కూడా ఉండాలి.

ఇల్లు మారిన రెండు వారాల్లో ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. అద్దె ఒప్పందం ఒక్కటే సరిపోదు. మీరు ఫలానా తేదీన చేరారని ఇంటి యజమాని సంతకం పెట్టిన 'వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్' అనే కాగితం కావాలి. ఈ నమోదు లేకపోతే పన్ను నంబరు రాదు, వీసా పొడిగింపు ముందుకు కదలదు. అందుకే "అద్దె తక్కువ, కానీ నమోదు కుదరదు" అనే గదిని ఎంత అవసరంలో ఉన్నా ఒప్పుకోకండి. పెద్ద ఊళ్ళలో ఈ పనికి అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. ఎవరైనా రద్దు చేసుకుంటే ఖాళీలు వెబ్‌సైటులో పొద్దున్నే కనిపిస్తుంటాయి. ఊళ్ళో ఏ వార్డు ఆఫీసులోనైనా చేయించుకోవచ్చా అన్నది కూడా చూసుకోండి.

నమోదైన కొన్ని వారాలకి రేడియో, టీవీ రుసుము ఉత్తరం వస్తుంది. నెలకి 18.36 యూరోలు. ఇంట్లో టీవీ లేదని పక్కన పడేస్తారు చాలామంది. ఈ రుసుము ఇంటికి, టీవీకి కాదు. పంచుకున్న ఫ్లాట్‌లో ఒక్కరు కడితే చాలు, మిగిలినవాళ్ళు ఆ కట్టేవారి రుసుము ఖాతా నంబరు (బ్యాంకుది కాదు) రాసి జవాబు పంపాలి. జవాబు ఇవ్వకపోతే బాకీ మీద బాకీ పేరుకుంటుంది. ఏ ఉత్తరమైనా అంతే. గడువు తేదీ ఉంటుంది, అది దాటితే హెచ్చరిక, దాని మీద అదనపు రుసుము. పసుపుపచ్చ కవర్లో వచ్చే ఉత్తరాన్ని మరీ జాగ్రత్తగా చూడాలి. అది అధికారిక బట్వాడా. కవరు మీద పోస్టుమ్యాన్ రాసిన తేదీ నుంచే గడువు మొదలవుతుంది, కాబట్టి కవరు కూడా దాచాలి.

మీరు ఇంట్లో లేకపోతే పార్శిల్‌ని పక్కింటివాళ్ళకి ఇచ్చి, మీ డబ్బాలో వాళ్ళ పేరున్న చీటీ వేస్తారు. సాయంత్రం వెళ్ళి తెచ్చుకోవాలి. పక్కింటివాళ్ళతో పరిచయానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

ఇల్లు: కిటికీ, బాత్రూమ్, వంటగది

చలికాలంలో జర్మన్లు కిటికీలు బార్లా తెరిచి కూర్చుంటారని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. దానికి గట్టి కారణం ఉంది. అక్కడి ఇళ్ళు గాలి చొరబడనంత బిగువుగా కడతారు. స్నానం, అన్నం వార్చడం, లోపలే ఆరేసిన బట్టలు, మన ఊపిరి, అన్నిటి తేమా గదిలోనే ఉండిపోతుంది. చల్లటి గోడ మూలల్లో అది నీరుగా మారి నల్లటి బూజు పడుతుంది. ఆ బూజుకి బాధ్యత మీదని తేలితే, బాగు చేయించే ఖర్చు మీ అడ్వాన్సులోంచి పోతుంది. చేయాల్సింది తేలికే. రోజుకి రెండు మూడు సార్లు హీటర్ తగ్గించి, కిటికీలన్నీ పూర్తిగా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు ఉంచాలి, తర్వాత మూసేయాలి. కిటికీని పైనుంచి కొంచెం వాల్చి రోజంతా వదిలేయడం మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు. గాలి మారదు, గోడ మాత్రం చల్లబడుతుంది, బూజు ఇంకా త్వరగా వస్తుంది. బీరువాని బయటి గోడకి పూర్తిగా ఆనించకుండా నాలుగు వేళ్ళ సందు వదలండి.

హీటర్ మీద 1 నుంచి 5 దాకా అంకెలుంటాయి. 3 అంటే సుమారు 20 డిగ్రీలు, ఒక్కో అంకెకి నాలుగు డిగ్రీల తేడా. 5 దగ్గర పెడితే గది త్వరగా వేడెక్కదు. 28 డిగ్రీలు వచ్చేదాకా ఆగకుండా పనిచేస్తుందంతే. ఆ లెక్క ఏడాది చివర బిల్లులో కనిపిస్తుంది.

బాత్రూమ్‌లో షవర్ తొట్టి దాటితే నేల మీద నీళ్ళు పోయే దారి సాధారణంగా ఉండదు. బకెట్టు, మగ్గుతో స్నానం చేయాలంటే తొట్టిలోపలే చేయాలి. బయటికి చిందిన నీళ్ళు పలకల సందుల్లోంచి కింది ఫ్లాట్ కప్పులోకి దిగుతాయి. అందుకే 'హాఫ్ట్‌ఫ్లిష్ట్' అనే బీమా వెళ్ళిన మొదటి నెలలోనే తీసుకోవాలని గట్టిగా చెబుతాను. ఏడాదికి కొన్ని పదుల యూరోలే, కానీ మీ వల్ల ఇతరులకి జరిగిన నష్టాన్ని అది భరిస్తుంది. తీసుకునేటప్పుడు తాళంచెవి పోగొట్టుకోవడం కూడా అందులో ఉందో లేదో చూడండి. హాస్టళ్ళలో ఒకే చెవి గదికీ, వీధి తలుపుకీ, బట్టలుతికే గదికీ పనిచేస్తుంది. అది పోతే తాళాల వరస మొత్తం మార్చి ఆ ఖర్చు మీ మీద వేయొచ్చు.

ఇక వంట. మన మిక్సీకి 230 వోల్టులు సరిపోతాయి, కన్వర్టర్ అక్కర్లేదు. కానీ మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో దూరదు, ఎర్త్ ఉన్న అడాప్టర్ కావాలి. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు, అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కరే పనికొస్తుంది. అద్దంలా కనిపించే పొయ్యిలన్నీ ఇండక్షన్ కావు. లోపల ఎర్రగా వెలిగేవి మామూలు కరెంటు పొయ్యిలు, వాటి మీద అడుగు చదునుగా ఉన్న ఏ గిన్నె అయినా పనిచేస్తుంది. నెయ్యి సామానులో పెట్టుకెళ్ళకండి, ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల పాల పదార్థాలు సొంత సామానులో తేవడం నిషేధం. పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా తేకూడదు. అక్కడి సూపర్ మార్కెట్లో దొరికే 'బుటర్‌ష్మాల్ట్స్' కాచిన వెన్నే, పప్పన్నంలోకి చక్కగా పనికొస్తుంది. లేదా ఉప్పు లేని వెన్న కొని మీరే కాచుకోవచ్చు.

తాలింపు దగ్గర అసలు పరీక్ష. ఎండుమిర్చి వేగిన పొగకి అలవాటు లేని గొంతు ఊరుకోదు. ఆ వాసన కారిడార్‌లో తగిలించిన కోట్లకి పట్టి నాలుగు రోజులు వదలదు. వంటకి ముందే వంటగది తలుపు మూసి, కిటికీ తెరిచి, చిమ్నీ వేసుకోండి. కోటు, స్వెట్టర్లు వేరే గదిలో ఉంచండి. నూనె పొగలు కక్కేదాకా కాగనివ్వకుండా మంట తగ్గించి ఆవాలు వేస్తే పొగ సగం తగ్గుతుంది. పొగ నిండితే చాలామంది కంగారులో గది తలుపు కారిడార్‌లోకి తెరుస్తారు. హాస్టల్లో అదే పెద్ద ప్రమాదం. కొన్ని హాస్టళ్ళలో కారిడార్ పొగ సెన్సర్లు నేరుగా అగ్నిమాపక కేంద్రానికి కలిపి ఉంటాయి. వాళ్ళు వచ్చి వెళ్తే ఖర్చు మీ దగ్గర వసూలు చేయొచ్చు. తలుపు మూసే ఉంచి, కిటికీనే తెరవాలి. వేపుడు మిగిలిన నూనె సింకులో పోయకండి, పాత సీసాలో నింపి మామూలు చెత్తలో వేయండి.

ముగ్గురు నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఫ్రిజ్‌లో ఒక్కొక్కరికి ఒక అర, శుభ్రం చేయడానికి వారాల వారీ పట్టిక ఉంటాయి. ఇంకొకరి అరలోంచి టమాటా తీసుకున్నా అడిగే తీసుకోవాలి. గిన్నెలు రాత్రి నానబెట్టి పొద్దున తోమే అలవాటు గొడవలకి మొదటి కారణం. ఎవరైనా మీ గిన్నెల గురించి మొహం మీదే చెబితే మనసు కష్టపెట్టుకోకండి. చెప్పడంతో వాళ్ళ కోపం పోతుంది, సాయంత్రం మామూలుగానే మాట్లాడతారు.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్ద వేళ, ఆదివారం, సెలవురోజుల్లో పగలంతా అంతే. మిక్సీ, వాషింగ్ మెషీన్, డ్రిల్లు, ఇండియాకి స్పీకర్ పెట్టి ఫోన్లు, అన్నీ ఇందులోకి వస్తాయి. ఇడ్లీ పిండి శనివారం మధ్యాహ్నం రుబ్బుకోండి. పుట్టినరోజు పార్టీ ఉంటే రెండు మూడు రోజుల ముందు మెట్ల దగ్గర ఒక కాగితం అంటించి, మీ పేరు, ఎన్నింటిదాకా సందడి ఉంటుందో, ఇబ్బందైతే ఏ నంబరుకి ఫోన్ చేయాలో రాయండి. ఆ కాగితం ఉంటే చాలామంది ఓర్చుకుంటారు.

చెత్త, సీసాలు, ఆదివారం

రంగులు ఊరిని బట్టి కొంచెం మారతాయి గాని, మామూలుగా పసుపు డబ్బాలో ప్లాస్టిక్, రేకు ప్యాకింగులు, నీలం దాంట్లో కాగితం, గోధుమ రంగు దాంట్లో కూరగాయల తొక్కులు, నలుపు లేదా బూడిద రంగు దాంట్లో మిగతావన్నీ. నూనె అంటిన పిజ్జా పెట్టె, దుకాణం రసీదు రెండూ నల్ల డబ్బాలోకే, కాగితంలోకి కాదు. గాజు సీసాలు వీధి చివర పెద్ద డబ్బాల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ అని విడదీసి వేయాలి. నీలం సీసా ఆకుపచ్చలోకి పోతుంది. రాత్రిపూట, ఆదివారాలు వేయకూడదు, పగిలే చప్పుడే కారణం. తప్పుగా వేస్తే ఆ డబ్బాని తీసుకెళ్ళకుండా వదిలేస్తారు, భవనం మొత్తానికి ఇబ్బంది.

కొన్న బాటిల్ మీద డిపాజిట్ ఉంటుంది, దాన్ని ప్ఫాండ్ అంటారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు, పానీయాల రేకు డబ్బాలకి 25 సెంట్లు, తిరిగి నింపే సీసాలకి చాలావరకు 15, బీరు సీసాలకి 8. సూపర్ మార్కెట్లోని యంత్రంలో వేసి రసీదు తీసుకుని కౌంటర్‌లో ఇవ్వాలి. బాటిల్‌ని మన అలవాటుగా నలిపేస్తే బార్‌కోడ్ చదవలేక యంత్రం వెనక్కి నెడుతుంది.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. ఆదివారపు విశ్రాంతికి రాజ్యాంగంలోనే రక్షణ ఉంది. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని కొట్లు, పెట్రోలు బంకులు, కొన్ని గంటలు బేకరీలు తెరుస్తారు. ఈస్టర్‌కి శుక్రవారం, ఆదివారం, సోమవారం మూతే. క్రిస్మస్‌కి 25, 26 రెండూ సెలవు. బియ్యం, పాలు ముందే తెచ్చుకోండి.

రైళ్ళకీ ట్రాములకీ గేట్లు ఉండవు, టికెట్ అడిగేవాళ్ళు మామూలు బట్టల్లో వస్తారు, లేకపోతే 60 యూరోలు. కాగితం టికెట్‌ని ఎక్కే ముందు యంత్రంలో ముద్ర వేయించాల్సిన ఊళ్ళలో, ముద్ర లేని టికెట్ లేనట్టే లెక్క.

యూనివర్సిటీ

టైంటేబుల్లో "10 సి.టి." అని ఉంటే క్లాసు 10:15కి మొదలవుతుంది, "10 ఎస్.టి." అని ఉంటే సరిగ్గా పదికి. లెక్చర్ అయ్యాక చప్పట్లు కొట్టరు, వేళ్ళ కణుపులతో బల్ల మీద తడతారు. ప్రొఫెసర్‌తో వాదించడం తప్పు కాదు, కారణం చూపిస్తే ఇష్టపడతారు. కానీ మెయిల్ రాసే తీరు పట్టించుకుంటారు. "రెస్పెక్టెడ్ సర్" అనకుండా 'ఫ్రావ్' (ఆడవాళ్ళకి) లేదా 'హెర్' (మగవాళ్ళకి) పక్కన బిరుదు, ఇంటిపేరు రాయాలి. యూనివర్సిటీ మెయిల్ నుంచే, మెట్రిక్యులేషన్ నంబరు (యూనివర్సిటీ మీకిచ్చే విద్యార్థి నంబరు) పెట్టి, ఒకే ప్రశ్న సూటిగా అడగాలి. ఎక్కువ మాట్లాడాలంటే వాళ్ళు కలిసే వేళలు వెబ్‌సైటులో ఉంటాయి.

హాజరు చాలా కోర్సుల్లో తప్పనిసరి కాదు, ల్యాబులూ సెమినార్లూ తప్ప. ఇంటర్నల్ మార్కులు లేని కోర్సుల్లో చివరి పరీక్ష ఒక్కటే ఫలితాన్ని తేలుస్తుంది. ఇక్కడే మనవాళ్ళు దెబ్బతింటారు. క్లాసులో చేరినంత మాత్రాన పరీక్షకి నమోదైనట్టు కాదు. పోర్టల్‌లో విడిగా, గడువులోగా నమోదు చేసుకోవాలి. మార్కులు 1.0 నుంచి మొదలై 4.0 దాకా పాసు, 5.0 ఫెయిలు. మన మార్కుల మార్పిడికి బవేరియా సూత్రం ఎక్కువగా వాడతారు. గరిష్ఠ మార్కు లోంచి మీ మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠం లోంచి పాసు మార్కు తీసేస్తే వచ్చేదానితో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పదికి 7.6 వచ్చి, పాసు 4 అయితే 2.2.

చాలా చోట్ల ఒక పరీక్షకి మూడు అవకాశాలే. మూడోది పోతే ఆ కోర్సు నుంచి తొలగిస్తారు, అదే కోర్సులో వేరే యూనివర్సిటీలో చేరడం కూడా కుదరకపోవచ్చు. కాబట్టి పాత ప్రశ్నపత్రాలు మొదటి సెమిస్టర్‌లోనే సంపాదించండి. విభాగపు విద్యార్థి సంఘం, ఫాఖ్‌షాఫ్ట్ అంటారు, వాటిని దాచి ఇస్తుంది. ఫలితాలు వచ్చాక దిద్దిన పేపరు చూపించే రోజు ఒకటి ప్రకటిస్తారు. ఫెయిలైనవాళ్ళు సిగ్గుపడి ఆ రోజు వెళ్ళరు, తప్పకుండా వెళ్ళాలి. కూడికలో తప్పులు, వదిలేసిన జవాబులు అక్కడే దొరుకుతాయి, అక్కడికక్కడే అడగొచ్చు.

పరీక్ష రోజు జ్వరం వస్తే పరీక్ష రాసి తర్వాత చెప్పుకుంటే వినరు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళి ధ్రువపత్రం తీసుకుని, వెంటనే పరీక్షల విభాగానికి పంపాలి. కొన్ని యూనివర్సిటీలకి సొంత ఫారం ఉంటుంది, ముందే ప్రింటు తీసి పెట్టుకోండి. ఇందుకోసమైనా ఇంటి దగ్గర ఒక మామూలు డాక్టర్‌ని, హౌస్‌ఆర్ట్స్ట్ అంటారు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసి పేరు నమోదు చేయించుకోవాలి. మామూలు జలుబూ జ్వరానికి విశ్రాంతి, వేడి టీ అంటారు, యాంటీబయాటిక్ అడిగినా ఇవ్వరు. పారాసిటమాల్ సూపర్ మార్కెట్లో దొరకదు, మందుల షాపులోనే. రాసిచ్చిన మందుకి సాధారణంగా 5 నుంచి 10 యూరోల మధ్య మీరు కట్టాలి. రాత్రీ, సెలవుల్లో ప్రాణాపాయం లేని జబ్బుకి 116117, ప్రాణం మీదికొస్తే 112.

చదువు బరువై, నిద్ర పట్టక, ఇంటికి ఫోన్ చేసి బాగానే ఉన్నానని చెబుతూ లోపల కుంగిపోయే పిల్లలు ఉన్నారు. విద్యార్థుల సంక్షేమ సంస్థ, ష్టుడీరెండన్‌వెర్క్, చాలా ఊళ్ళలో మానసిక సలహా ఇస్తుంది, సాధారణంగా డబ్బు తీసుకోదు, ఇంగ్లిషులో మాట్లాడేవారు దొరుకుతారు. అపాయింట్‌మెంట్‌కి కొన్ని వారాలు పట్టొచ్చు, అందుకని రెండో అవకాశం పోయిన రోజే రాయండి, మూడోది దగ్గరపడేదాకా ఆగకండి. మెయిల్‌లో "పరీక్షలవల్ల ఇబ్బందిగా ఉంది, మాట్లాడాలి" అని రెండు ముక్కలు రాస్తే సరిపోతుంది. వివరాలు వాళ్ళే అడుగుతారు, మీరు చెప్పింది యూనివర్సిటీకీ ఇంటికీ చేరదు.